సత్రం గోడ

“చేత్తో తాకి చూడు నాయనా, ఇది సిమెంటు కాదు, డంగు సున్నం” అంటూ నెల్లూరు మూలాపేటలోని పాత సత్రంలో పెద్ద మేస్త్రి నా అరచేతిని గోడకు ఆనించినప్పుడు, బయట ఎండ మండిపోతున్నా ఆ గోడ నీళ్ళ కుండలా చల్లగా తగిలింది.

ఆ సత్రాన్ని పడగొట్టి దుకాణాల సముదాయం కట్టాలన్న ప్రతిపాదన ఈ ఉదయమే పాలకమండలి ముందుకు వచ్చి, వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ‘శిథిలావస్థ’ అన్న ఒక్క మాట మీదే ఆ ప్రతిపాదన అంతా నిలబడి ఉంది.

నిజానికి పెచ్చులూడుతున్నది పాత పని కాదు, తర్వాత మరమ్మతు పేరుతో పూసిన సిమెంటు. గానుగలో ఆడించిన ఈ డంగు సున్నం గోడలోని చెమ్మను బయటికి వదులుతుంది; సిమెంటు దానిని లోపలే బంధించి, చివరికి ఇటుకను కూడా పిండి చేస్తుంది. పైన టేకు దూలాల మీద పలుచని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన మద్రాసు మిద్దె ఒక్క మూలనే, చెదలు పట్టినచోట, కుంగింది. ఆ మూలను సరిచేయగల చేతులు ఇంకా ఊళ్ళో ఉన్నాయి.

నూరేళ్ళు దాటిన కట్టడాలను కాపాడడానికి 1958 నాటి కేంద్ర చట్టం ఉంది గానీ, దాని జాబితాలోకి వీధి సత్రాలు చేరడం అరుదు. 1866లోనే పురపాలక సంఘం ఏర్పడిన నెల్లూరు తన పాత కట్టడాలకు తానే ఒక జాబితా రాసుకోలేదా?

సోమవారం అర్జీ ఇస్తున్నాను. మేస్త్రిగారు కూడా వస్తానన్నారు.