29 అంగుళాల ఫ్లాట్ ట్యూబ్ టీవీ: బోర్డు పని అయింది, మూలలు మిగిలాయి

తెనాలిలో మా పిన్ని వాళ్లింటి నుంచి తెచ్చుకున్న 29 అంగుళాల ఫ్లాట్ టీవీ (తెర చదునుగా ఉండే పాత ట్యూబు టీవీ) ఇప్పుడు నిలకడగా నడుస్తోంది. సాయంత్రం పెడితే పడుకునేదాకా ఆడుతోంది, బొమ్మ కదలడం లేదు. పాత టీవీ బాగుచేసుకుందామనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇంతవరకూ జరిగిన పని రాసి పెడుతున్నాను.

తెచ్చినప్పుడు బొమ్మ పైఅంచు మడతపడి, అక్కడ తెల్లటి అడ్డగీతలు కనిపించేవి. కుడి ఎడమ అంచులు మధ్యలో లోపలికి వంగి ఉండేవి. ఎడమ కింది మూలలో ఆకుపచ్చ మరక. ఇవి చూడగానే చాలామంది ట్యూబు పోయిందని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. నిజానికి వీటిలో ఒక్కటీ ట్యూబు జబ్బు కాదు. ట్యూబు అరిగితే టీవీ పెట్టిన చాలాసేపటికి గానీ వెలుగు రాదు, తెల్లటి చోట్లు మసకబారతాయి, ఏదో ఒక రంగు నీరసపడుతుంది. ఇందులో అవేవీ లేవు. ఒకప్పుడు టీవీ మెకానిక్‌గా చేసిన మా వీధి బాబాయ్ కూడా చూసి, "ట్యూబు నిక్షేపంలా ఉందిరా, ముసలిదైంది బోర్డే" అన్నారు.

ముందు జాగ్రత్తల సంగతి. ప్లగ్గు పీకి ఎంతసేపైనా ట్యూబులో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. ఇంత పెద్ద ట్యూబు వెనక హై వోల్టేజీ చేరే చోటైన యానోడ్‌కు 25 వేల వోల్టులకు పైనే అందుతుంది. అందుకని పిడి గట్టిగా ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్‌కు ఒక వైరు కట్టి, ఆ వైరు రెండో కొసను ట్యూబు వెనక నల్లపూత మీదుగా పోయే అల్లిక తీగకు బిగించి, అప్పుడు యానోడ్ రబ్బరు టోపీ కిందికి దూర్చాలి. రెండో చెయ్యి దేనికీ తగలకూడదు. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో కూడా 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, దాన్ని తగిన రెసిస్టర్‌తో ఖాళీ చేసి మీటర్‌తో చూసుకోవాలి. ఇక ట్యూబు మెడ సన్నటి గాజు. దానికి దెబ్బ తగిలి గాలి దూరితే ఆ టీవీ కథ అక్కడితో సరి. ఇవన్నీ మొదటిసారి చేసేవాళ్లు అనుభవమున్నవాళ్లను పక్కన పెట్టుకోవాల్సిందే.

దుమ్ము దులిపాక డ్రై సోల్డర్ (పగిలి పట్టు వదిలిన అతుకులు) వెతికాను. ఎల్‌ఓటీ (ట్యూబుకు హై వోల్టేజీ తయారుచేసే ట్రాన్స్‌ఫార్మర్) కాళ్లు, హారిజాంటల్ డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్, యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండి కిరణాన్ని తిప్పే తీగచుట్ట) కనెక్టర్, వేడెక్కే పెద్ద రెసిస్టర్లు: భూతద్దంలో చూస్తే కాలు చుట్టూ గుండ్రటి పగులు కనిపిస్తుంది. అలాంటి చోట్ల పాత సీసం పీల్చేసి కొత్తది వేశాను. ఇలాంటి టీవీల్లో ఉన్నట్టుండి ఆగిపోవడం, నెత్తిన కొడితే మళ్లీ రావడం చాలావరకు ఈ పగుళ్ల వల్లే.

పైన మడతకు కారణం వర్టికల్ ఐసీ (కిరణాన్ని పైనుంచి కిందికి నడిపే చిప్పు) పక్కనున్న 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. గీత కిందినుంచి పైకి త్వరగా వెనక్కి రావడానికి ఐసీకి అదనపు వోల్టేజీ ఇచ్చేది అదే. అది ఎండిపోతే పైగీతలు సమయానికి సర్దుకోలేక ఒకదాని మీద ఒకటి పడతాయి. అది మార్చగానే పైభాగం శుభ్రపడింది. మెడ బోర్డుకు (ట్యూబు మెడకు తగిలించే చిన్న బోర్డు) వెళ్లే 200 వోల్టుల సప్లై ఫిల్టర్ కూడా మార్చాను, అది బలహీనపడితే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వెలుగు తేడాగా పడుతుంది. కెపాసిటర్లన్నీ హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో తీసుకున్నాను. 85 డిగ్రీలవి చవకే, కానీ వేడి మూలల్లో 105 డిగ్రీలవే వెయ్యాలి. వోల్టేజీ రేటింగ్ పాతదానికన్నా తక్కువ ఉండకూడదు.

అంచుల వంపు మాత్రం ఫ్లాట్ ట్యూబుకే ప్రత్యేకమైన తలనొప్పి. ఎలక్ట్రాన్ కిరణం మెడ దగ్గర నుంచి తిరుగుతుంది కదా, గాజు చదునుగా ఉంటే మధ్యకన్నా మూలలు దానికి బాగా దూరం. సరిదిద్దకపోతే మూలలు బయటికి సాగి, అంచులు లోపలికి వంగుతాయి, ఫోకస్ కూడా సడలుతుంది. అందుకే వీటిలో కుడి ఎడమ అంచులను సరిదిద్దే ఈస్ట్-వెస్ట్ కరెక్షన్ సర్క్యూట్‌కు పని ఎక్కువ. ఉబ్బెత్తు ట్యూబులో దాగిపోయే చిన్న తేడా కూడా ఇక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నా సెట్‌లో ఆ సర్క్యూట్ ట్రాన్సిస్టర్ పోయింది. కొత్తది వేశాక అంచులు నిటారుగా నిలిచాయి. చదునైన తెర మీద లైటు నీడ తక్కువ, పక్కనుంచి చూసినా బొమ్మ బాగుంటుంది. అయినా ఎవరైనా అడిగితే నేను 21 అంగుళాలదే తీసుకోమంటాను. మూలలు త్వరగా దారికొస్తాయి, ఒక్కరే ఎత్తగలరు.

ఆకుపచ్చ మరకకు కారణం అయస్కాంతమే. పిన్ని వాళ్లింట్లో టీవీకి ఆనించి పెద్ద స్పీకర్ బాక్సు ఉండేది. తెరకు పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే డీగాస్ సర్క్యూట్‌లో పీటీసీ థర్మిస్టర్ (వేడెక్కి కరెంటును తగ్గించే భాగం) పనిచెయ్యక మరక అలా ఉండిపోయింది. పీటీసీ మార్చాను. ఒకసారి డీగాస్ అయ్యాక అది చల్లారాలి, కనీసం అరగంట ఆపి మళ్లీ మెయిన్ స్విచ్ వెయ్యాలి. ఊరికే వేసి తీస్తే లాభం లేదు.

తర్వాత సర్వీస్ మోడ్, అంటే మెకానిక్‌లు సర్దుబాట్లు చేసే దాచిన మెనూ. అందులోకి వెళ్లే దారి మోడల్ నంబరును బట్టి కాదు, బోర్డు మీద ఉండే ఛాసిస్ (లోపలి బోర్డు రకం) నంబరును బట్టి వెతకాలి. ఏదైనా కదిపేముందు ప్రతి విలువనూ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. డీవీడీ ప్లేయర్‌తో గళ్ల బొమ్మ పెట్టి ఎత్తు, వెడల్పు, వంపు సర్దాను. 50 హెర్ట్జ్‌కు సర్దినది 60 హెర్ట్జ్‌కు వర్తించలేదు, రెండూ విడివిడిగా చెయ్యాల్సి వచ్చింది. చిన్న సంగతే కానీ, ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ వాడే అమెరికా పద్ధతి) డిస్కు పెడితే గానీ బయటపడదు.

బొమ్మ నాణ్యతలో అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చింది కేబుల్. పసుపు ఏవీ వైరులో వెలుగు, రంగు కలిసి వస్తాయి, అందుకే ఎర్ర అక్షరాల అంచున చుక్కలు పాకుతుంటాయి. వెలుగు, రంగు విడివిడిగా తెచ్చే మూడు వైర్ల కాంపోనెంట్‌కు మారగానే ఆ చుక్కలు పోయాయి, చీర అంచులోని జరీ విడివిడిగా తెలిసింది. పాత నలుపు-తెలుపు సినిమాల్లో చీకటి గది నిజంగా చీకటిగా ఉంటుంది. దీనికోసమే ఇంత బరువు మోసింది. మా అన్న కూతురు మాత్రం టీవీ పెట్టగానే సన్నటి కూత వినిపిస్తోందంటుంది. అది 15,625 హెర్ట్జ్ లైన్ ఫ్రీక్వెన్సీ, పిల్లల చెవులకు బాగా అందుతుంది.

ఇంకా మిగిలింది కుడి కింది మూల. అక్కడ ఎరుపు కొంచెం పక్కకు జరిగి కనిపిస్తోంది. యోక్‌కూ గాజుకూ మధ్య సన్నటి పర్మలాయ్ (అయస్కాంత గుణమున్న లోహం) పట్టీ దూర్చి సరిచెయ్యాలి. దానికి టీవీ నడుస్తుండగానే చెయ్యి పెట్టాలి కాబట్టి బాబాయ్ ఊరినుంచి వచ్చాకే మొదలుపెడతాను. ఈలోగా ఇదే ఛాసిస్‌కు సరిపోయే ఎల్‌ఓటీ ఒకటి వెతుకుతున్నాను. ఇప్పుడున్నది బాగానే ఉంది, కానీ అది పోయిన రోజు వెతకడం మొదలుపెడితే దొరుకుతుందన్న నమ్మకం లేదు.