తేలే డాక్ నమూనా: ఏడో వారం దాకా జరిగిన పని

ఈ ఆదివారం పొద్దున మా డాక్ మొదటిసారి ఓడను పూర్తిగా నీళ్లపైకి ఎత్తింది. తిరుపతిలో మా ఇంటి వెనక బట్టలుతికే సిమెంటు తొట్టిలో, నాలుగు నిమిషాల పది సెకన్లలో. పోయిన వారం ఇదే తొట్టిలో అది నడుం విరిగి మునిగింది. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను. తేలే డాక్ అంటే లోపల గదులున్న పెద్ద పెట్టె. గదుల్లో నీళ్లు నింపితే అది మునుగుతుంది, ఓడ దాని మీదికి వస్తుంది. నీళ్లు తోడేస్తే ఓడతో సహా పైకి లేస్తుంది, అప్పుడు ఓడ అడుగు బాగుచేయొచ్చు.

నేను చేస్తున్నది మన నౌకాదళం వాడే ఎఫ్‌డీఎన్-2 అనే తేలే డాక్‌కు నమూనా. చెన్నై పక్కన కాట్టుపల్లిలో కట్టి 2017 జూన్‌లో నీళ్లలోకి దింపారు. అసలు డాక్ 185 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు. 8,000 టన్నుల ఓడను ఎత్తుతుంది. 200కు ఒకటి కొలత తీసుకుంటే పొడవు 92.5 సెంటీమీటర్లు, వెడల్పు 20 వచ్చాయి. బరువు అలా తగ్గదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి మూడు 200లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చిన 80 లక్షలతో భాగించాలి. 8,000 టన్నులు సరిగ్గా ఒక కిలో అయింది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కిలో బరువు ఎత్తే పెట్టె నా చేతనవుతుంది అనిపించింది.

అడుగు పెట్టె ఎత్తు 3 సెంటీమీటర్లు, దాని మీద రెండు పక్కలా 6 సెంటీమీటర్ల గోడలు. ఈ ఎత్తులు నా అంచనా. ఫ్లెక్స్ బోర్డులు చేసే షాపులో మిగిలిన 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురగ పలక) ముక్కలు తూకానికి ఇచ్చారు. ముక్కలు కావడంతో నడిమధ్య ఒక అతుకు తప్పలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదట అడుగు పెట్టెను పొడవునా మూడు గదులు చేశాను. నీళ్లు నింపితే డాక్ బాగానే దిగింది కానీ, పెట్టె పైభాగం మునిగే క్షణంలో ఒక పక్కకు ఒరిగిపోయింది. అప్పటిదాకా వెడల్పాటి పెట్టె నీళ్లమీద ఆని నిలబెడుతుంది. అది మునిగాక ఆనడానికి సన్నటి పక్క గోడలే మిగులుతాయి. పైగా లోపలి నీళ్లన్నీ వాలిన వైపే పరుగెడతాయి. మధ్యలో ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డుగోడ కట్టి ఆరు గదులు చేశాక ఒరగడం ఆగింది. ఇంకో చిక్కు, డాక్ కావలసినంత లోతుకు దిగలేదు. డాక్ బరువు 1.9 కిలోలే, గదుల్లో పట్టే నీళ్లు 4.2 లీటర్లే. అడుగున కిలోన్నర ఇనుప పట్టీలు అంటించాక పెట్టె మీద 4 సెంటీమీటర్ల నీళ్లు నిలిచాయి. ఓడ లోపలికి రావడానికి అది చాలు.

ఒక్కో గదికి ఒక చిన్న 5 వోల్టుల మోటారు పెట్టాను. అవి మరీ జోరుగా తోడేస్తుంటే మెడికల్ షాపు నుంచి సెలైన్ సెట్లు తెచ్చి, వాటి రోలర్ క్లిప్పులు ట్యూబులకు వేశాను. వేలితో తిప్పితే ధార సన్నమవుతుంది. మిగిలిన ట్యూబు ముక్కలను పక్క గోడలకు నిలువుగా అంటిస్తే, ఏ గదిలో నీళ్లెంతున్నాయో బయటికే కనిపిస్తోంది. గాలి పోయే గొట్టం మాత్రం ప్రతి గదికీ ఉండాలి, లేకపోతే నీళ్లు సగంలోనే ఆగిపోతాయి.

డాక్ ఎత్తే ఓడ మన నౌకాదళంలోని కోల్‌కతా తరగతి డిస్ట్రాయర్ (ఒక రకం యుద్ధనౌక). 163 మీటర్లు, 7,500 టన్నులు. నా కొలతలో 81.5 సెంటీమీటర్లు, 937 గ్రాములు. ప్యాకింగ్ చెక్కతో చేసి, సీసం గుళ్లతో తూకం సరిచేశాను.

ఇదంతా మొదలైంది మా తాత వల్ల. ఆయనది పుత్తూరు పక్కన పల్లె. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బోట్ మెయిల్ రైలెక్కి ధనుష్కోటి, అక్కడి నుంచి పడవలో శ్రీలంకలోని తలైమన్నార్, అట్నుంచి ట్రింకోమలీ రేవు చేరి, ఇంగ్లీషువాళ్ల డాక్‌యార్డులో ఖలాసీగా చేశాడు. ఓడ డాక్ మీదికి ఎక్కగానే దాని అడుగున పట్టిన నాచు, గుల్లలు తడిగా ఉండగానే గీకెయ్యాలట, ఎండితే రాయిలా పట్టుకుంటాయట. ఆ కంపు చేతులకు వారాల తరబడి వదిలేది కాదని చెప్పేవాడు. శుక్రవారాలు అక్కడి కోట దాటి, కోణేశ్వరం అనే శివక్షేత్రం ఉన్న కొండ కొనకు పోయి సముద్రానికి దండం పెట్టుకునేవాళ్లు. చిన్నప్పుడు నాకు ఎక్కువ నచ్చింది కోటలో తిరిగే జింకల కథ.

ఆయన పదేపదే చెప్పింది మాత్రం డాక్ మునిగిన రోజు గురించి. 1944 ఆగస్టు 8. హెచ్‌ఎంఎస్ వేలియంట్ అనే యుద్ధనౌక, నిండా మందుగుండుతో డాక్‌లోకి వచ్చింది. నీళ్లు తోడుతుండగా డాక్ నడుం విరిగింది. ఓడ బరువు ఎక్కడెలా ఉందో దానికి తగ్గ వరసలో గదులు ఖాళీ చేయలేదు. ఓడ దక్కింది కానీ, లోపలి రెండు ప్రొపెల్లర్లు బిగుసుకుపోయాయి. అక్టోబరులో సూయజ్ కాలువ దాటలేక వెనక్కి తిరిగింది. "మోసేవాడి నడుం చూసుకోకుండా బరువెత్తితే ఎట్లరా నాయనా" అనేవాడు తాత. అది మనుషుల గురించి అనుకునేవాణ్ణి.

పోయిన ఆదివారం నేను రెండు కొసల్లోని గదులు నాలుగూ ముందు తోడాను. కొసలు తొందరగా లేస్తే ఓడ నిలకడగా ఉంటుందని నా ఊహ. ఓడ బరువంతా దాని అడుగు ఆనే నడిమి దిమ్మెల మీద ఉంది, కింద నడిమి గదులు నిండా నీళ్లు. కొసలు లేచాయి, నడుం లేవలేదు. టక్‌మని అడుగు అతుకు విచ్చుకుంది. ఓడను చేత్తో పట్టుకుని అలాగే చాలాసేపు నిలబడిపోయాను. తాత ఎత్తెత్తి చెప్పిన మాట ఏమిటో అప్పుడు అర్థమైంది.

అతుకు మీద లోపల, బయట 4 సెంటీమీటర్ల పట్టీలు అడ్డంగా వేసి ఆరల్‌డైట్‌తో బిగించి, రెండు రోజులు కదపకుండా ఉంచాను. పుత్తూరు కట్టు లాగే. ఇప్పుడు పద్ధతి ఇది: ఓడ దిమ్మెలకు తగిలేదాకా ఆరూ సమానంగా తోడాలి. తగలగానే మోటార్లు ఆపి, ఓడ నిటారుగా ఉందా చూడాలి. తర్వాత నడిమి రెండు క్లిప్పులు పూర్తిగా తెరిచి, కొసల నాలుగూ సగానికి తిప్పాలి. ట్యూబుల్లో మట్టాలు చూస్తూ ఏ కొస ముందుకుపోయినా ఆపాలి.

ఈ పొద్దున పెట్టె పైభాగం నీళ్లకు 7 మిల్లీమీటర్ల పైన నిలిచింది. ఓడను దించకుండా అలాగే వదిలాను. సాయంత్రానికి 5 మిల్లీమీటర్లే ఉంది, ఎడమ వెనక గది ట్యూబులో కొద్దిగా నీళ్లు చేరాయి. వచ్చే ఆదివారం ఆ గదిలోకి గాలి ఊది, సబ్బు నురగ పూసి, కారే చోటు వెతకాలి. డాక్ మీద పెట్టాల్సిన క్రేన్లు రెండూ ఆ తర్వాతే.