పాత సైకిళ్ళ మీద 60 కిలోమీటర్లు

పోను 30 కిలోమీటర్లు, రాను 30. నది మీది వంతెన దాకా వెళ్ళి అదే దారిన వెనక్కి రావడం. మొదట 12 కిలోమీటర్లు చదును, తర్వాత నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు, ఆపైన దిగుడు, చివర్లో కంకర రోడ్డు. మనుషులం ఇద్దరం, సైకిళ్ళు రెండు, రెండూ ఎవరో తొక్కి వదిలేసినవే. నాది స్టీలు ఫ్రేము, స్టీలు రిములు, సన్న టైర్ల పాత రోడ్ సైకిలు. మిత్రుడిది 26 అంగుళాల మౌంటెన్ బైకు. చిన్నప్పుడెప్పుడో తొక్కి మానేసిన మనిషి, గేర్లున్న సైకిలు ఎక్కడం అతనికి కొత్త.

పాత సైకిలును స్టాండు వేసి చూసేది ఒక ఎత్తు, మనిషి బరువు వేసి కొన్ని గంటలు తొక్కితే తెలిసేది ఒక ఎత్తు. చదునులో నోరు మెదపని లోపం ఎక్కుడులో బయటపడుతుంది. ఈ దారి ఎంచుకున్నది అందుకే.

రోడ్డెక్కాక తేల్చుకోకూడనివి కొన్నుంటాయి, వాటిని కొనేముందే చూసేశాం. మొదటిది ఫ్రేము. హ్యాండిల్ దిగే పొట్టి గొట్టానికి పై గొట్టం, కింది గొట్టం అతికే చోట అడుగువైపు వేలితో తడమాలి. రంగు ముడతలు పడినా, లోహం కాస్త ఉబ్బినట్టు తగిలినా ఆ సైకిలు ఎక్కడో ముందు నుంచి గట్టిగా గుద్దుకున్నట్టే. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కార్బన్ ఫ్రేముల్లో దెబ్బ పైకి కనిపించకపోవచ్చు కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వాటి జోలికి వెళ్ళకపోవడమే మేలు. రెండోది సీటు గొట్టం. స్టీలు ఫ్రేములో అల్యూమినియం గొట్టం గ్రీజు లేకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతే తడికి రెండు లోహాల మధ్యా తుప్పు పుట్టి అతుక్కుపోతాయి. బోల్టు వదులు చేసి, సీటు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడాలి. హ్యాండిల్ కాడకూ ఇదే పరీక్ష. రెండిట్లో ఏది కదలకపోయినా ఆ సైకిలు మీ కొలతకు రాదు. మూడోది, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగున చెక్కిన నంబరు. అది గీకేసి ఉంటే మాట్లాడకుండా వచ్చేయాలి, దొంగ సైకిలు కావచ్చు.

చైను, టైర్లు, కేబుళ్ళు, బ్రేకు రబ్బర్లు అరిగాయని బెంగపడక్కర్లేదు. అరగడానికి చేసినవే అవి, బేరానికి కూడా పనికొస్తాయి.

మూడు కిలోమీటర్లు దాటకుండానే ఆగాం, మిత్రుడి సీటు కోసం. పెద్దయ్యాక సైకిలెక్కే వాళ్ళు సీటును రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత కిందికి దించుకుంటారు. పడతామన్న భయం. ఆగినప్పుడు హాయిగానే ఉంటుంది, తొక్కుతున్నప్పుడు మాత్రం మోకాలు బాగా మడిచి నెట్టాల్సి వచ్చి చిప్ప ముందువైపు నొప్పి మొదలవుతుంది. గోడకు ఆనుకుని కూర్చుని పెడలును అన్నిటికంటే కిందికి తెచ్చి మడమ దాని మీద పెట్టాలి. కాలు సరిగ్గా తిన్నగా చాపుకుంటే అదే ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీదుంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. ఎత్తు ఎక్కువైతే వెనకనుంచి చూసేవాళ్ళకు నడుము అటూ ఇటూ ఊగడం కనిపిస్తుంది. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది. అది ఫ్రేము లోపలే ఉండాలి, పైకి కనిపించేంత లాగితే గొట్టం వంగొచ్చు, ఫ్రేమూ చిట్లొచ్చు.

ఒకేసారి అంత ఎత్తంటే బెదురుతారని సగం అక్కడ పెంచి, మిగతాది ఎక్కుడు మొదలయ్యే చోట పెంచాం. నిజానికి నేర్పాల్సింది ఎత్తు కాదు, ఆగడం. సీటు మీద కూర్చునే కాలు ఆనించాలని చూడకూడదు. బ్రేకు నొక్కుతూ, కిందున్న పెడలు మీద నిలబడి, సీటు వదిలి ముందుకు జరిగి, రెండో కాలు నేలకు ఆనించాలి. ఇది వస్తే సీటు ఎంత ఎత్తులో ఉన్నా భయం ఉండదు. కాకపోతే పై గొట్టానికీ తొడల సందుకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అది లేని సైకిలు పెద్ద సైజన్నమాట, దాన్ని ఏ సర్దుబాటూ బాగుచేయలేదు.

చదునులో మిత్రుడిది ఇంకో అలవాటు, పెద్ద గేరులో పెట్టి బలంగా, నెమ్మదిగా తొక్కడం. బలముందన్నట్టే ఉంటుంది, గంట తర్వాత తొడలు మొరాయిస్తాయి. తేలిక గేరులో త్వరత్వరగా తిప్పడం మేలు. కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా లెక్కపెట్టి, 15 సెకన్లలో 18 సార్లు వస్తే పెడలు నిమిషానికి 72 చుట్లు తిరుగుతున్నట్టు. కొత్తవాళ్ళకు 70 దగ్గర కుదురుకుంటే చాలు, తర్వాత మెల్లగా 80, 90.

అతని టైర్లు దిమ్మెల టైర్లు, తారు రోడ్డు మీద గుర్రుమంటూ సగం శ్రమ తినేస్తాయి. పాత మౌంటెన్ బైకును రోడ్డు మీద వాడుకునేవాళ్ళు ముందు మార్చాల్సింది వాటినే, నున్నటివి వేయాలి. కొనేటప్పుడు టైరు పక్కన 50-559 లాంటి అంకె చూడాలి. మొదటిది వెడల్పు, రెండోది రిము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. పాత సైకిళ్ళ దగ్గర "26 అంగుళాలు" అన్న మాటను నమ్మి కొనకూడదు. 26 × 1.95 అని చుక్కతో ఉంటే 559, అదే 26 × 1 3/8 అని భిన్నంలో ఉంటే 590. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. నావి 27 అంగుళాలవి, అంటే 630. ఇప్పటి రోడ్ సైకిళ్ళ 622కు తేడా 8 మిల్లీమీటర్లే, అయినా పనికిరాదు.

గాలి సంగతి కూడా. టైరు మీద రాసినంత గాలి పాత స్టీలు రిములో కొట్టకూడదు. వాటి అంచుకు లోపలివైపు కొక్కెంలా వంపు ఉండదు, ఒత్తిడి ఎక్కువైతే టైరు పైకి లేచి ట్యూబు పేలుతుంది. నా 32 మిల్లీమీటర్ల టైర్లలో ఒత్తిడి 65 పి.ఎస్.ఐ. (గాలి పంపు మీటరు మీద ఉండే కొలత) దాటనివ్వలేదు.

ఎక్కుడు మొదలైన కాసేపటికే మిత్రుడి సైకిలు వెనక టక్, టక్ అని జారడం మొదలైంది, గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే. అరిగిన చైను లక్షణం. చైను నిజంగా సాగదు. దాని పిన్నులూ వాటి చుట్టూ ఉండేవీ అరిగి ఒక్కో లింకు మధ్య దూరం కొంచెం పెరుగుతుంది. అలాంటి చైను పళ్ళ మొదట్లో కూర్చోక పైకి ఎగబాకుతుంది, బరువు పడగానే దాటేస్తుంది. కొలవడానికి స్టీలు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, కొత్త చైనులో ఆ తర్వాతి 24వ పిన్ను మధ్య భాగం సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అది 1/16 అంగుళం దాటితే చైను మార్చాలి. 1/8 దాటితే వెనక పళ్ళూ పోయినట్టే, ఫ్రీవీలు, అంటే వెనక చక్రానికుండే ఆ పళ్ళ గుత్తి, కూడా మార్చాలి. ఇక్కడ చాలామంది కొత్త చైను మాత్రం వేసి, ఇంకా ఎక్కువ జారుతోందని వాపోతారు. పాత పళ్ళు పాత చైను కొలతకే అరిగి ఉంటాయి, కొత్తది వాటిలో ఇమడదు. అరుదుగా వాడిన పళ్ళ మీద జారడం తక్కువ కనుక ఆ రోజుకు పక్క పళ్ళలోకి మార్చి నెట్టుకొచ్చాం.

అన్నిటికంటే చిన్న గేరు ఎంతో కొనేటప్పుడే చూడాలని ఇలాంటి చోటే అర్థమవుతుంది. మిత్రుడిది ముందు 28 పళ్ళు, వెనక 28. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకటే చుట్టు, సుమారు రెండు మీటర్ల దూరం. నాది ముందు 40, వెనక 28, చుట్టుకు మూడు మీటర్ల పైమాటే. నా సైకిలు తేలికైనా సరే, ఎక్కుడులో సుఖపడింది అతనే. అయితే ఆ చిన్న గేరు వాడేముందు ఒకటి చూసుకోవాలి. సైకిలు ఎప్పుడైనా కుడివైపు పడి ఉంటే వెనక డిరైలర్ (చైనును ఒక పళ్ళ మీంచి ఇంకో పళ్ళ మీదికి జరిపేది) తగిలించే కొక్కెం లోపలికి వంగి ఉండొచ్చు, అలా ఉంటే పెద్ద పళ్ళకు మార్చగానే చైను దాటిపోయి ఊచల్లో ఇరుక్కుంటుంది. వెనక నిలబడి చూస్తే డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్ళతో ఒకే నిలువు గీతలో కనిపించాలి. స్టీలు కొక్కెమైతే నిదానంగా వంచి సరిచేయొచ్చు. అల్యూమినియందైతే మార్చుకోవడమే మంచిది.

దిగుడులో బ్రేకులు. పాత రబ్బర్లు ఏళ్ళకు గట్టిపడి మెరుస్తాయి, ఎంత నొక్కినా పట్టవు. పైపొరను గరుకు కాగితంతో తీస్తే తాత్కాలికంగా పనిచేస్తాయిగానీ మార్చడమే సరైన పని. రబ్బర్లు కాక కేబుళ్ళు. తుప్పు పట్టిన లోపలి తీగ వల్ల పిడి వదిలినా బ్రేకు వెనక్కి రాదు. బ్రేకు కేబులు మీది తొడుగూ గేరు కేబులు మీది తొడుగూ పైకి ఒకేలా ఉంటాయి, లోపల వేరు. గేరుదానిలో తీగలు నిలువుగా ఉంటాయి. దాన్ని బ్రేకుకు వేస్తే గట్టిగా నొక్కినప్పుడు చీలిపోవచ్చు. ఇక్కడ పొదుపు పనికిరాదు.

కంకర దారిలో నా వెనక టైరు గాలి పోయింది. ట్యూబు తీస్తే పక్కపక్కన రెండు చీలికలు. ముల్లు కాదు, గాలి తక్కువై రాయి మీద రిము అంచుకూ రాయికీ మధ్య ట్యూబు నలిగినప్పుడు ఇలా అవుతుంది. 65 మించకూడని రిముకు కంకర దారి కుదరదు, లేదా ఇంకా వెడల్పు టైరు కావాలి. ప్యాచ్ నిలవకపోవడానికి చాలాసార్లు కారణం తొందరే. చోటును ప్యాచ్ కంటే కొంచెం ఎక్కువ మేర గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, మెరుపు పోయి వేలికి అంటుకోనంత వరకు, దాదాపు ఐదు నిమిషాలు, ఆరనివ్వాలి. తడి మీద అతికిస్తే ఊడిపోతుంది. ఆ ఐదు నిమిషాల్లో టైరు లోపలంతా వేళ్ళతో నెమ్మదిగా తడిమి ముల్లూ, గాజూ లేవని చూసుకోవచ్చు, ఊచల తలలను కప్పే రిము టేపు జరిగిందేమో కూడా. పాత సైకిళ్ళలో చక్రం లోపలివైపు పడే చిల్లులు చాలావరకు ఆ టేపు పుణ్యమే.

వంతెన దగ్గర నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని తిరిగాం. అక్కడినుంచి ఎదురుగాలి, ఎక్కుడు దగ్గరకు వచ్చేసరికి వాన.

స్టీలు రిములున్న సైకిలు మీద తడి దిగుడు దిగడం ఎవరికీ సలహా ఇవ్వను. నున్నటి క్రోమియం మీద నీటి పొర ఉన్నంతసేపూ రబ్బరు జారుతుంది, ఆగే దూరం కొన్ని రెట్లు పెరుగుతుంది. చాలాముందు నుంచే బ్రేకును తేలికగా ఆనించి రిము తడి తుడుస్తూ రావాలి, అప్పటికీ నమ్మకం లేని చోట దిగి నడిపించడమే. దిగుడు పై భాగమంతా సైకిళ్ళు దిగి నడిపించాం. అతని అల్యూమినియం రిములు తడిలోనూ పట్టాయి. కానీ అవీ చూసుకోవాల్సినవే. బ్రేకు రుద్దే పక్క గోడ మీద స్కేలు అడ్డంగా ఆనిస్తే మధ్యలో గుంట కనిపిస్తే రిము పలచబడినట్టు. అది ఒకరోజు గాలి ఒత్తిడికి చీలుతుంది.

చివరి చదునులో నా ఎడమ క్రాంకు, అంటే పెడలును ఇరుసుకు కలిపే కడ్డీ, చుట్టుకొకసారి కిటుక్కుమంది. చదరపు ఇరుసు మీద బిగించే రకం ఇది. వదులైన క్రాంకును అలాగే తొక్కితే గట్టి స్టీలు ఇరుసు మెత్తటి అల్యూమినియం రంధ్రాన్ని గుండ్రంగా తినేస్తుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. వెంటనే ఆగి బిగించాం. 35 నుంచి 40 న్యూటన్ మీటర్ల బిగువు ఉండాలి, తొలి దూర ప్రయాణం తర్వాత మళ్ళీ ఒకసారి చూడాలి. పాత సైకిలు వెంట మోసే సామానులో ప్యాచ్‌లు, పంపు, అలెన్ కీలతోపాటు ఆ బోల్టుకు సరిపడే పానా కూడా ఉండాలి. పెడళ్ళకు 15 మిల్లీమీటర్ల పానా. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకుంటే మర పాడుచేయరు.

తిరిగొచ్చాక పని వరస ఇలా పెట్టుకున్నాం. ముందు బ్రేకు రబ్బర్లు, కేబుళ్ళు. తర్వాత అతనికి చైను, ఫ్రీవీలు, నున్నటి టైర్లు. ఆపైన రెండిటికీ ఇరుసులు విప్పి గోళీలు మార్చి గ్రీజు నింపడం: ముందు చక్రానికి పక్కకు పది, 3/16 అంగుళంవి; వెనక పక్కకు తొమ్మిది, 1/4 అంగుళంవి; పెడళ్ళ ఇరుసుకు పక్కకు పదకొండు, అవీ 1/4. చాలా సైకిళ్ళకు ఇదే లెక్క, అయినా విప్పేటప్పుడు లెక్కపెట్టుకోవాలి. పెడళ్ళ ఇరుసు కుడివైపు కప్పుకు చాలా సైకిళ్ళలో మర తిరగేసి ఉంటుంది. నా స్టీలు రిములు తీసేసి అల్యూమినియంవి కట్టించాలి. ఊచలు కోయకముందే ఫ్రీవీలు విప్పుకోవాలి, అది తొక్కిన కొద్దీ బిగుసుకునే మర కాబట్టి చక్రం చుట్టూ రిము లేకపోతే తిప్పడానికి పట్టు దొరకదు. దాన్ని విప్పే పానా మాత్రం పాత ఫ్రీవీలు మీది గాడులు చూసుకునే కొనాలి, తయారీదారును బట్టి అవి మారుతుంటాయి.