లక్క ఎరుపు కోసం నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రమే తీగ మీద నుంచి తీశాను. గోళ్ల అంచుల్లో ఎరుపు ఇంకా పోలేదు. కాబోయే అల్లుడికి పెట్టే తెల్ల పట్టు ఉత్తరీయానికి లక్కరంగే వేయాలని పంతం పట్టాను. లక్కపురుగు ఇచ్చే ఈ ఎరుపునే మన పెద్దలు లత్తుక అని పాదాలకు పూసుకున్నారు.

బజారులో పెద్ద దుకాణంలో లక్క అడిగితే, తేనెరంగులో నిగనిగలాడే గింజలు అరకిలో తూచి ఇచ్చారు. "మొదటి రకం, చెత్తన్నదే ఉండదు" అన్నారు. దంచి రాత్రంతా నానబెట్టాను. తెల్లవారి చూస్తే నీళ్లు పలచటి టీ రంగులో ఉన్నాయి. చిటికెడు చాకలి సోడా వేసి మరో రోజు ఉంచాను. అదే రంగు. మూడో రోజు గిన్నె పట్టుకుని వెళితే, నలుగురి ముందూ "గాజులు చేసే లక్కలో రంగెక్కడ ఉంటుందమ్మా, ఆ మాత్రం తెలియకుండా కొంటారా?" అని గట్టిగా అన్నాడు. తల కొట్టేసినట్టయింది. రంగు కోసమేనని కొనేటప్పుడే రెండుసార్లు చెప్పాను. సరుకు తెలియనిది నాకు కాదు, అమ్మినవాడికి!

అసలు సంగతి లక్క గాజులు చేసే ఒకావిడ చెప్పింది. కొమ్మల మీద నుంచి గీకిన పచ్చి లక్కను దంచి కడిగితే ఆ గింజలు మిగులుతాయి. ఎరుపంతా కడిగిన నీళ్లలో పోతుంది. ఒకప్పుడు ఆ ఎరుపుకే గిరాకీ. పంతొమ్మిదో శతాబ్దం చివర కృత్రిమ రంగులు వచ్చాక ఆ నీళ్లకు విలువ లేకుండా పోయింది. కాబట్టి శుభ్రమైన లక్క జోలికి పోకండి. పుల్లలు, బెరడు అంటుకుని నల్లెరుపుగా, చూడబుద్ధి కాకుండా ఉన్నదే కొనండి. ఆవిడే నాకు కిలో ఇప్పించింది.

మిగతాదంతా సులువే. పొడిని సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లలోనే నానబెట్టాలి. నీళ్లు కాగితే లక్క కరిగి గిన్నెకు బంకలా పట్టేస్తుంది. ఉత్తరీయం 100 గ్రాములు. 15 గ్రాముల పటిక కరిగించిన నీళ్లలో ముందురోజే నానేశాను. వడగట్టిన రంగు సోడా వల్ల ఊదాగా ఉంది. చింతపండు రసం పోయగానే సన్నగా నురగ లేచి, కళ్లముందే నిండు ఎరుపుకు తిరిగింది. పొయ్యి దగ్గర నిలబడి మా అమ్మను కేకేశాను. సన్నటి సెగ మీద గంటసేపు ఉంచితే పట్టు ఆ రంగంతా తాగేసింది.

"పురుగు రంగు పెళ్లికా?" అంది అమ్మ. పట్టు మాత్రం పురుగు ఇచ్చింది కాదా అన్నాను.

నీడన, నూలు తాడు మీదే ఆరేయండి. ఇనుప తీగ తగిలిన మూలన వేలెడంత మేర రంగు నల్లబడింది. రాత్రి ఆ అంచు లోపలికి మడిచి కుట్టేశాను.