ఏమీ చేయకపోవడానికి కారు కావాలి

ఇక్కడి పిల్లలు అయిదో తరగతి దాటగానే ఆడుకోవడం మానేస్తారు. ఆట కాదు, ఆ మాట మానేస్తారు. మిడిల్ స్కూల్లో చేరిన పిల్ల స్నేహితురాలి ఇంటికి ఇక హ్యాంగ్ ఔట్ చేయడానికే వెళ్తుంది. అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే మా తెలుగు తల్లులం వెంటనే అడుగుతాం, అక్కడ ఏం చేస్తారని. "ఏమీ చేయం" అంటారు పిల్లలు. అది నిజమే, మాకు భయం కలిగించేదీ ఆ నిజమే.

ఇంగ్లిషులో ఉతికిన బట్టలు ఆరేయడానికీ ఇదే మాట, హ్యాంగ్ ఔట్. మనుషుల విషయంలో ఒకప్పుడు బస చేయడమనే అర్థం ఉండేది. 1836-37లో ధారావాహికగా వచ్చిన ఇంగ్లిషు రచయిత డికెన్స్ నవల 'పిక్‌విక్ పేపర్స్'లో ఒక వైద్య విద్యార్థి ఎక్కడ హ్యాంగ్ ఔట్ అవుతున్నారని అడిగితే, కథానాయకుడు పిక్‌విక్ తాను ప్రస్తుతం ఫలానా సత్రంలో వేలాడుతున్నానని బదులిస్తాడు. ఇంగ్లండు పెద్దమనిషికే అలా వినిపించింది మరి!

ఇప్పుడైతే ఆ మాటకు అర్థం నచ్చినవాళ్లతో ఊరికే కాలక్షేపం చేయడం. ట్యూషన్‌కు, డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని ఎవరూ అలా అనరు. నలుగురితో అయితే స్నేహం. ఒక్కరితోనే, అదీ పదేపదే అయితే టీనేజి పిల్లల భాషలో ఇంకేదైనా కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ మసకే వాళ్లకు సౌకర్యం. అందుకే నేను ఏం చేస్తారని అడగను. ఎవరితో, ఎక్కడ, తిరిగి ఎలా వస్తావు, ఈ మూడే అడుగుతాను.

ఆ మూడోది కాలిఫోర్నియాలో చిన్న ప్రశ్నేమీ కాదు. పదహారేళ్లకు లైసెన్సు వచ్చినా, మొదటి 12 నెలలు 25 ఏళ్లు నిండిన లైసెన్సుదారు పక్కన లేకుండా 20 ఏళ్ల లోపు స్నేహితులను ఎక్కించుకోకూడదు. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఒంటరిగా నడపకూడదు. అంటే నలుగురు పిల్లలు ఒకచోట ఊరికే కూర్చోవాలంటే నాలుగిళ్ల పెద్దలు కార్లు తీయాలి. మేము అరుగుల మీద, పిట్టగోడల మీద బాతాఖానీ కొట్టడానికి కాళ్లుంటే చాలేది. పైగా శనివారాలన్నీ కూచిపూడికీ, లెక్కలకూ, తెలుగు బడికీ రాసిచ్చేసి, పిల్లలకు స్నేహితులు లేరని బెంగపడేదీ మేమే.

వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. అమ్మమ్మతో హ్యాంగ్ ఔట్ చేస్తున్నానని మా అమ్మాయి ఎవరికో ఫోనులో చెబుతోంది.

"నా గురించి ఏమిటే చెబుతున్నావు?"

"ఊరికే కూర్చున్నామని, అమ్మమ్మా."

"ఊరికేనా? చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నామని చెప్పు" అంది అమ్మ.