నాన్న ఫియట్‌కు నేనే రంగు వేశాను

నాన్న 1978లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు పన్నెండేళ్లుగా నెల్లూరు దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న మైపాడులో మా ఇంటి పక్క కొట్టంలో కదలకుండా ఉండిపోయింది. అసలు నమూనా ఇటలీ ఫియట్ 1100ది కనుక మా ఇంట్లో దాన్ని ఎప్పుడూ ఫియట్ అనే పిలిచాం. దానికి రంగు నా చేత్తో వేయాలని పట్టుబట్టి, నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ గారి దగ్గర చేరాను. సెలవు దొరికిన ప్రతి రోజూ అక్కడే గడిపాను.

మొదటి రోజు ఆయన గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఇచ్చి, "బండి చుట్టూ తిప్పి చూడమ్మా, అంటుకోని చోటల్లా సుద్దతో గీయి" అన్నారు. తలుపుల అడుగున, వెనక మడ్‌గార్డుల మీద అంటుకోలేదు. అక్కడ మిగిలింది ఎప్పటిదో పుట్టీ. గీకితే కింద తుప్పు పొరలు పొరలుగా రాలింది. ఉప్పుగాలి రేకును లోపలి నుంచి తినేసింది.

ఈ బండికి విడిగా ఛాసిస్, అంటే అడుగున ఇనుప చట్రం లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. తలుపుల కింది తుప్పు భాగం కోసేముందు లోపల ఇనుప గొట్టాలు అడ్డంగా బిగించారు. లేకపోతే బాడీ కుంగి, తర్వాత తలుపులు సరిగ్గా మూసుకోవు. వెల్డింగు ఆయనే చేశారు.

నాకు ప్రాణమైన పని సొట్ట తీయడం. లోపలి నుంచి మధ్యలో గట్టిగా కొడితే సరిపోతుందనుకున్నాను. కాదు. సొట్ట చుట్టూ ఉబ్బిన గట్టు దాన్ని బిగించి ఉంచుతుంది. ఎడమ చేత్తో లోపల డాలీని, అంటే చేతిలో పట్టే ఇనుప దిమ్మను, లోతుకు ఆనించి నొక్కుతూ, పైన గట్టు మీద సుత్తితో తేలిగ్గా తడుతూ పోతే సొట్ట తనంతట తనే పైకి లేస్తుంది. ఎక్కువ కొడితే రేకు సాగిపోతుంది. సాఫీగా వచ్చిందో లేదో చూడటానికి అరచేతి కింద పల్చని నూలుగుడ్డ పెట్టి నిమరమన్నారు. కంటికి కనబడని ఎత్తుపల్లాలు అలా చేతికి తెలిశాయి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

పుట్టీ పల్చగానే పెట్టాం. దాన్ని నీళ్లతో రుద్దనివ్వలేదు. పుట్టీ తేమ పీల్చుకుంటే కింద మళ్లీ తుప్పు మొదలవుతుంది.

నవంబరులో నేను తొందరపడ్డాను. పాత మెరుపు కోసం త్వరగా ఆరే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు ఎంచుకుని, ముసురు పట్టిన రోజు మేస్త్రీ గారు వద్దంటున్నా బానెట్‌కు కొట్టాను. నిమిషాల్లో నల్లరంగు మీద తెల్లటి మసక కమ్ముకుంది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ తడి రంగు మీద చేరుతుంది. ఏడుపొచ్చింది. ఆయన కోప్పడలేదు. ఎండ వచ్చాక, నెమ్మదిగా ఆరే రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను పల్చగా కొట్టించారు. మసక కరిగిపోయింది.

జనవరిలో మిగతా బండికంతా రంగు వేశాను. నీళ్లు పోసి రుద్దే రెండు వేల నంబరు నున్నటి గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టేసరికి బానెట్‌లో షెడ్డు రేకుల కప్పు గీత గీతగా కనిపించింది. నాన్న చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

ఎడమ తలుపు కింది అంచున చిన్న అల ఒకటి ఇంకా చేతికి తగులుతోంది. ఎండలు ముదరగానే ఆ తలుపు మళ్లీ విప్పుతాను.