చిన్న సినిమా వరంగల్‌కు ఎందుకు ఆలస్యంగా వస్తుంది?

మంచి సమీక్షలు వచ్చిన చిన్న సినిమా కోసం టికెట్ల యాప్‌లో వరంగల్ అని వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. ఊరి పేరు హైదరాబాద్‌కు మారిస్తే ఏ గచ్చిబౌలిలోనో రోజుకు ఒకటి రెండు ఆటలు కనిపిస్తాయి. జిల్లా కేంద్రాల ప్రేక్షకులకు ఇలాంటి సినిమాలు ఎక్కవని సినిమా వ్యాపారంలో ఉన్నవాళ్లు తేల్చేస్తుంటారు. అసలు కారణం అభిరుచిలో కంటే లెక్కల్లో ఉందని నా అభిప్రాయం.

రీళ్ల కాలంలో ఆలస్యానికి కారణం కంటికి కనిపించేది. ఒక్కో ప్రింటుకు వేల రూపాయలు ఖర్చయ్యేది కాబట్టి నిర్మాత కొన్నే తీయించేవాడు. ‘ఏ’ సెంటర్లనే పెద్ద ఊళ్లలో ఆడిన ఆ రీళ్ల పెట్టెలే తర్వాత ‘బి’, ‘సి’ సెంటర్లనే చిన్న ఊళ్లకు వెళ్లేవి. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఈ వరస పోతుందని అనుకున్నారు. పెద్ద సినిమాలకు పోయింది కూడా, ఇప్పుడవి ఒకే రోజున వందల తెరల మీద పడుతున్నాయి. చిన్న సినిమాకు మాత్రం పాత ప్రింటు ఖర్చు స్థానంలో థియేటర్లకు డిజిటల్ ప్రొజెక్షన్ సమకూర్చే క్యూబ్, యూఎఫ్‌ఓ వంటి సంస్థలకు కట్టే వర్చువల్ ప్రింట్ ఫీజు వచ్చింది. హాలు నిండినా, పదిమందే వచ్చినా ఆ రుసుము కట్టాల్సిందే. 2018 మార్చిలో తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు కొన్నాళ్లు మూతపడింది ఈ రుసుముల వివాదం వల్లనే. సినిమా ఫైలు హార్డ్‌డిస్కులో థియేటర్‌కు చేరినా, ఆ థియేటర్ సర్వర్‌కు, ఫలానా తేదీలకు మాత్రమే పనిచేసే డిజిటల్ తాళంచెవి విడిగా రావాలి. అది రాకపోతే పెట్టె తలుపు ముందున్నా బొమ్మ పడదు.

అంతకంటే బరువైనది అద్దె. మన దగ్గర చాలా సింగిల్ స్క్రీన్లు అద్దె పద్ధతిలో నడుస్తూ వచ్చాయి, అంటే జనం వచ్చినా రాకపోయినా డిస్ట్రిబ్యూటర్ థియేటర్‌కు వారానికి ఇంత అని చెల్లించాలి. మల్టీప్లెక్సులో వసూళ్లలో వాటా పద్ధతి ఉంటుంది కనుక నష్టాన్ని ఇద్దరూ పంచుకుంటారు. నూట యాభై సీట్ల హాల్లో నలభై మంది కూర్చుంటే ఆట ఫరవాలేదనిపించుకుంటుంది. అదే నలభై మంది ఆరువందల సీట్ల థియేటర్లో కూర్చుంటే కరెంటు బిల్లుకు కూడా చాలదు. చేతిలో డబ్బు తక్కువున్న నిర్మాత హైదరాబాద్ మల్టీప్లెక్సుతో మొదలుపెట్టడంలో వింతేమీ లేదు. సింగిల్ స్క్రీన్లకూ వాటా పద్ధతే కావాలని 2025లో ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, పట్టుబట్టారు. పేచీ వాళ్ల ఆదాయం గురించే అయినా, చిన్న సినిమాకు అద్దె భారం తగ్గే దారి కూడా అదే.

ప్రచారానికి డబ్బు లేనివాళ్లు ముందు కొన్ని చోట్ల విడుదల చేసి, చూసినవాళ్ల మాటతో మిగతా ఊళ్లకు వెళ్దామనుకుంటారు. ఆలోచన సరైనదే, కానీ మౌఖిక ప్రచారానికి వ్యవధి కావాలి. పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ 2024 మేలో కాన్ చిత్రోత్సవంలో రెండో అత్యున్నత పురస్కారమైన గ్రాండ్ ప్రి గెలిచింది. సెప్టెంబరులో కేరళలో పరిమితంగా ఆడింది, నవంబరు 22న రానా దగ్గుబాటి సంస్థ దాన్ని దేశంలోని ఇతర నగరాల్లో విడుదల చేసింది. డిసెంబరు 5న ‘పుష్ప 2’ వచ్చింది. ఆ వారం తెలుగు రాష్ట్రాల్లో వేరే సినిమాకు తెర అడగడానికే ధైర్యం కావాలి. జనవరి 3కల్లా పాయల్ సినిమా హాట్‌స్టార్‌లో ఉంది. కాగితం మీద ఆరు వారాలు, తెలుగు ఊళ్ల వరకు చూస్తే నికరంగా రెండే. అంతటి పురస్కారం పొందిన సినిమా పరిస్థితే ఇదైతే, ఏ పేరూ లేని తెలుగు స్వతంత్ర చిత్రం సంగతి చెప్పనక్కర్లేదు.

2013లో ‘షిప్ ఆఫ్ థీసియస్’ అనే స్వతంత్ర చిత్రం వాళ్లు వేరే దారి పట్టారు: కొన్ని నగరాల్లో మొదలుపెట్టి, మా ఊరికీ తీసుకురండని ప్రేక్షకులే ఫేస్‌బుక్‌లో ఓటు వేసే ఏర్పాటు చేశారు. ఖమ్మం, కర్నూలు, రాజమండ్రి లాంటి చోట్ల ఇలా ముందే పేర్లు పోగేసి, శనివారం ఉదయం ఒక్క ఆటకు వాటా మీద ఒప్పుకునే థియేటర్‌ను వెతకడం కష్టమేమీ కాదు. పొద్దుటి ఆటలు చాలా హాళ్లలో ఎలాగూ ఖాళీగానే నడుస్తాయి. అయితే ఓటీటీ ఒప్పందంలో తేదీ రాసుకునేటప్పుడే నిర్మాత ఈ ఊళ్లకు మరో మూడు నాలుగు వారాలు మిగుల్చుకోవాలి.